పది పేజీల ‘కఫన్’ మన ‘ఒక ఊరి కథ’ అయిన వైనం

1977వ సంవత్సరం తెలుగు సినిమా ప్రేక్షకులు తేలిగ్గా మరచిపోయే ఏడు కాదు. సంక్రాంతికి ‘దానవీరశూరకర్ణ’ వచ్చింది. ఎండాకాలంలో ‘అడవిరాముడు’ వచ్చింది. టూరింగు టాకీసుల దగ్గర నేల టిక్కెట్టు కోసం చొక్కాలు చింపుకున్న రోజులవి. సరిగ్గా ఆ ఏడాదే పెద్ద తారలెవరూ లేని మరొక తెలుగు చిత్రం తయారయింది. దాని పేరు ‘ఒక ఊరి కథ’. తెలంగాణా పల్లె నేపథ్యంగా సాగే ఆ చిత్రానికి దర్శకుడు కలకత్తావాసి మృణాల్ సేన్. ఆయనకు తెలుగు రాదు. తీసుకున్న కథ మన తెలుగుది కాదు. హిందీ, ఉర్దూ పాఠకులు నెత్తిన పెట్టుకున్న మున్షీ ప్రేమ్‌చంద్ రాసిన ‘కఫన్’ అనే చిన్న కథ అది. అచ్చులో పది పేజీలకు అటూ ఇటూ వుంటుంది. చదవడానికి అరగంట చాలు.

అరగంటలో ముగిసే కథ సుమారు రెండు గంటల సినిమా ఎలా అయింది? నీళ్ళు కలిపి పాలు పెంచినట్లు పెంచారా? కథ చదివి, సినిమా చూసినవారికి వెంటనే కలిగే సందేహం ఇదే.

కథలో ఏముంది?

‘కఫన్’ అంటే పీనుగు మీద కప్పే కొత్తబట్ట. ఈ కథ 1935 డిసెంబరులో ‘జామియా’ అనే ఉర్దూ పత్రికలోనూ, 1936 ఏప్రిల్‌లో ‘చాంద్’ అనే హిందీ పత్రికలోనూ అచ్చయింది. ఆ అక్టోబరులోనే ప్రేమ్‌చంద్ కన్నుమూశారు. ఆ విధంగా ఆయన చివరి కథలలో ఇదొకటి.

చలికాలపు రాత్రి. గుడిసె ముందు చల్లారిన నెగడు. దాని పక్కన తండ్రి ఘీసూ, కొడుకు మాధవ్. ఎవరి చేలోనో తవ్వుకొచ్చిన ఆలుగడ్డలు బూడిదలో కాల్చుకుని తింటున్నారు. గుడిసె లోపల మాధవ్ భార్య బుధియా పురిటి నొప్పులతో గిలగిలలాడుతోంది. ‘పోయి చూసి రారా’ అంటాడు తండ్రి. కొడుకు లేవడు. తాను లోపలికి వెళితే తండ్రి ఆలుగడ్డలన్నీ తినేస్తాడేమోనని అతని భయం. చివరికి ఇద్దరూ కడుపు నింపుకుని నెగడు పక్కనే ముడుచుకుని పడుకుంటారు. తెల్లవారేసరికి ఆమె లేదు. కడుపులోని బిడ్డా లేదు.

ఆ తర్వాత ఏడ్పులు, మొత్తుకోళ్ళు. జమీందారు విసుక్కుంటూ రెండు రూపాయలు విసురుతాడు. జమీందారే ఇచ్చాక ఊళ్ళో మిగతావాళ్ళు ఇవ్వక తప్పుతుందా? గంటలో అయిదు రూపాయలు పోగవుతాయి. తండ్రీకొడుకులు కొత్తబట్ట కొనడానికి బజారుకు వెళతారు. ఈ దుకాణం, ఆ దుకాణం తిరుగుతారు గాని ఏ బట్టా నచ్చదు. పొద్దు గూకేసరికి కాళ్ళు వాటంతటవే సారా దుకాణంలోకి దారితీస్తాయి. సీసా వస్తుంది, వేయించిన చేపలు వస్తాయి, రెండు సేర్ల పూరీలు వస్తాయి. బతికి వున్నన్నాళ్ళూ ఒంటిమీద చింకిగుడ్డ అయినా లేనిదానికి చచ్చాక కొత్తబట్ట ఎందుకు, ఇదేం ఆచారం అని తండ్రి తర్కిస్తాడు. చచ్చిపోయినది మంచిదనీ, పోతూ పోతూ తమకు కడుపునిండా తిండి పెట్టించిందనీ దీవిస్తారు. మిగిలిన పూరీలు బిచ్చగాడికి ఇచ్చి, జీవితంలో మొదటిసారి దానం చేసిన గర్వం అనుభవిస్తారు. తాగి, పాడి, ఆడి, అక్కడే కూలిపోతారు. కథ అంతే.

ఇందులో చెప్పుకోదగ్గ విషయం ఒకటుంది. ఈ కథకు కారణమైన మనిషి బుధియా. ఆమె లేకుంటే కథే లేదు. అయినా కథ మొత్తంలో ఆమె ఒక్క మాట మాట్లాడదు. ఆమె ముఖం ఎలా వుంటుందో పాఠకుడికి తెలియదు. తలుపు వెనక మూలుగుగా వుండి, తెల్లవారి శవమవుతుంది. ఆమె గురించి ప్రేమ్‌చంద్ చెప్పింది రెండు మూడు వాక్యాలే. ఏడాది క్రితం ఆమె కాపురానికి వచ్చింది. వచ్చాక ఆ కొంపకు ఒక తీరు, తెన్ను వచ్చాయి. పిండి విసిరో, గడ్డి కోసో సేరు పిండి సంపాదించి, ఆ ఇద్దరు సిగ్గులేనివాళ్ళ పొట్టలు నింపేది. ఆమె వచ్చిన తర్వాత వాళ్ళు మరింత సోమరులయ్యారు.

రెండు వాక్యాలలో దాగిన ఏడాది

మృణాల్ సేన్ పట్టుకున్నది ఈ రెండు వాక్యాలనే అనవచ్చు. కథలో గడిచేది ఒక రాత్రి, ఒక పగలు. సినిమా అంతకు ముందుకు వెళ్ళి, ఆ ఆడపిల్ల ఇంటికి రాకముందు నుంచి మొదలవుతుంది. ఘీసూ మన తెలుగు పల్లెలో వెంకయ్య అయ్యాడు. మాధవ్ కిష్టయ్య అయ్యాడు. బుధియా నీలమ్మ అయింది. కిష్టయ్య నీలమ్మను చేసుకుంటానంటే తండ్రి వద్దంటాడు. కొడుకు మాట వినడు. నీలమ్మ వస్తుంది. పని చేస్తుంది. ఇల్లు అనేది ఎలా వుండాలో ఆ ఇద్దరు మగవాళ్ళకు చూపించాలనుకుంటుంది. మామగారి తత్వానికీ, కోడలి కష్టానికీ మధ్య సంఘర్షణే సినిమాలో ప్రధాన భాగం. ఆఖరున గాని ప్రేమ్‌చంద్ రాసిన రాత్రి రాదు.

దీనివల్ల ఏం జరిగిందో ఆలోచించదగినది. కథ చదివేవాడికి ఆ తండ్రీకొడుకుల మీద ఏవగింపు కలుగుతుంది, నవ్వూ వస్తుంది, ఆ తర్వాత గుండె బరువెక్కుతుంది. సినిమా చూసేవాడికి నీలమ్మ అప్పటికే తెలిసిన మనిషి. ఆమె ముఖం తెలుసు, నడక తెలుసు, ఆశ తెలుసు. కనుక కొత్తబట్ట కోసం వసూలు చేసిన డబ్బు సారా దుకాణం పాలయ్యే ఘట్టం వచ్చేసరికి మనకు తెలిసిన ఆడకూతురి ఒంటిమీది బట్ట తాగేసినట్లే తోస్తుంది. పది పేజీలు రెండు గంటలు కావడం వెనక వున్న కిటుకు ఇదే. రచయిత మాటల మధ్య ఖాళీగా వదిలినచోట దర్శకుడు ఒక మనిషిని నిలబెట్టాడు.

కథలను సినిమాలుగా తీసేవారు అందరూ ఇదే దారి పట్టరు. అదే 1977లో సత్యజిత్ రాయ్ కూడా ప్రేమ్‌చంద్ కథనే తీసుకుని ‘షత్రంజ్ కే ఖిలాడీ’ తీశారు. ఇంగ్లీషువాళ్ళు అవధ్ రాజ్యాన్ని కాజేస్తుంటే పట్టనట్లు చదరంగం ఆడుకునే ఇద్దరు లక్నో నవాబుల కథ అది. దాన్ని పూర్తి చిత్రంగా పెంచడానికి రాయ్ కథలో పేరుకు మాత్రమే వున్న నవాబు వాజిద్ అలీ షాను ముందుకు తెచ్చి, ఎదురుగా కంపెనీ అధికారిని నిలబెట్టి, వాళ్ళిద్దరి మధ్య జరిగే రాజకీయపు చదరంగాన్ని పక్కపక్కనే నడిపించారు. కథలో ఆ ఇద్దరు ఆటగాళ్ళు కత్తులు దూసి ఒకరినొకరు చంపుకుంటారు. సినిమాలో చావరు, మళ్ళీ ఆటకు కూర్చుంటారు. కథను ఇంతగా మార్చవచ్చునా అని అప్పట్లో చాలామంది వాదించుకున్నారు. అదే రాయ్ 1981లో దూరదర్శన్ కోసం ప్రేమ్‌చంద్ మరో కథ ‘సద్గతి’ తీసినప్పుడు ఒక్క ముక్క కూడా సాగదీయలేదు. గంటకు లోపే ముగించారు. కథ ఎంతో సినిమా అంతే. కథకు పెరిగే గుణం లేనప్పుడు పెంచకపోవడమే మేలు. మన సినిమావాళ్ళకు ఈ మాట ఎక్కదు గాని.

నలుదిక్కుల నుంచి వచ్చినవారు

‘ఒక ఊరి కథ’ నిర్మాత మాత్రం తెలుగువారే. ఎ. పరంధామరెడ్డి ఈ చిత్రాన్ని నిర్మించారు. మాటలు తెలుగులో సమకూర్చినది యండమూరి వీరేంద్రనాథ్. ఆ తర్వాతి సంవత్సరాల్లో వారపత్రికల సీరియళ్ళతో ఇంటింటికీ తెలిసిన రచయిత ఆయన. స్క్రీన్‌ప్లే మృణాల్ సేన్, బెంగాలీ నాటక రచయిత మోహిత్ చట్టోపాధ్యాయ కలిసి రాశారు.

వెంకయ్యగా నటించిన ఎం. వి. వాసుదేవరావు కన్నడిగుడు. అంతకు రెండేళ్ళ ముందు ‘చోమన దుడి’ అనే కన్నడ చిత్రంలో సొంత భూమి కోసం అంగలార్చే అంటరాని కూలి చోముడిగా నటించి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు అందుకున్నారు. ఆ చిత్రంలో భూమి దున్నాలని తపించినవాడు, ఈ చిత్రంలో నాగలి ముట్టనని భీష్మించుకున్నవాడు అయ్యాడు. ఒకే నటుడు రెండేళ్ళ వ్యవధిలో కూలివాని రెండు ముఖాలు చూపించడం అరుదైన సంగతి. నీలమ్మగా నటించిన మమతా శంకర్ బెంగాలీ అమ్మాయి, నాట్యాచార్యుడు ఉదయశంకర్ కుమార్తె. కిష్టయ్య పాత్రధారి నారాయణరావు తెలుగు నటుడు. కెమేరా పట్టినది కె. కె. మహాజన్. సంగీతం పిల్లనగ్రోవి విద్వాంసుడు విజయ రాఘవరావు. సేన్ 1969లో తీసిన ‘భువన్ షోమ్’ చిత్రానికీ వీరిద్దరే పనిచేశారు.

తెలుగు తెలియనివాడు తెలుగు పల్లె కథ ఎలా తీస్తాడని ఎవరైనా అడగవచ్చు. సేన్‌కు ఇది కొత్త కాదు. అంతకు ముందే ఒరియాలో ‘మాటిర మనిష’ తీశారు. 1976లో తీసిన ‘మృగయా’ ఒరియా రచయిత భగవతీ చరణ్ పాణిగ్రాహి రాసిన చిన్న కథే. ఊరు మారినా, భాష మారినా, దొర ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషి వీపు ఒకేలా వంగుతుంది. దాన్ని గుర్తుపట్టడానికి వ్యాకరణం అక్కర్లేదు. అయితే పేర్లు మార్చినంత మాత్రాన ఉత్తరాది పల్లె తెలుగు పల్లె అయిపోదు. తినే కూడు, కట్టే గుడ్డ, తిట్టే తిట్టు, ఏడ్చే ఏడుపు అన్నీ మారాలి. ఆ బరువు మాటలు రాసినవారి మీద, నటుల మీద పడింది.

పని చేయనివాడు సోమరేనా?

ఇక అసలు వివాదం. ‘కఫన్’ కథలోని తండ్రీకొడుకులు చర్మకారుల కులంవారు. పేద దళితులను సోమరులుగా, మానవత్వం లేనివారుగా చిత్రించారని ప్రేమ్‌చంద్ మీద తర్వాతి కాలంలో హిందీ దళిత రచయితలు పలువురు గట్టిగా విమర్శించారు. ఇది కొట్టిపారేయదగ్గ విమర్శ కాదు. నొప్పులు పడుతున్న ఆడదాన్ని వదిలేసి ఆలుగడ్డలు తినే మనుషులు ఏ వాడలో వుంటారని అడిగే హక్కు ఆ వాడలవారికి వుంది. కూలినాలి చేసుకుని భార్యాబిడ్డలను సాకే లక్షల మంది కళ్ళెదుట వుండగా రచయిత కన్ను ఈ ఇద్దరి మీదే ఎందుకు పడింది?

దీనికి జవాబు కథలోనే కొంత దొరుకుతుంది. రాత్రింబవళ్ళు ఒళ్ళు విరుచుకునే రైతుల స్థితి కూడా వీళ్ళ స్థితి కంటే ఏమంత మెరుగ్గా లేని సమాజంలో, రైతుల బలహీనతల మీద బతకడం తెలిసినవాళ్ళే బాగుపడుతున్నచోట, ఇలాంటి బుద్ధి పుట్టడంలో వింత లేదని ప్రేమ్‌చంద్ స్వయంగా అంటారు. ఘీసూ మిగతావాళ్ళ కంటే తెలివైనవాడని కూడా అంటారు. చదివేవాడు ఈ భాగాన్ని రెండుసార్లు చదివి ఆలోచించుకోవచ్చు. సినిమాలో ఆ వీలు లేదు. రీలు ఆగదు.

అందుకే ఇక్కడ నీలమ్మ మరింత ముఖ్యమవుతుంది. ఒళ్ళు వంచి పనిచేస్తే దొర బాగుపడతాడు గాని మనం బాగుపడం, చేసినా ఆకలే, చేయకున్నా ఆకలే, మరి చేయడమెందుకు అన్నది వెంకయ్య వాదన. ఈ వాదన తప్పని నిరూపించడానికే అన్నట్లు నీలమ్మ వస్తుంది. ఆమె సోమరి కాదు. ఒళ్ళు దాచుకోదు. ఆమె గెలిస్తే వెంకయ్య ఓడిపోయినట్లే. కాని ఆమె గెలవదు. ఆమె చావుతో ముసలివాని మాట నిజమైనట్లు కనిపిస్తుంది, అదే సమయంలో ఆ ముసలివాడు ఆమె చావుకు ఎంతవరకు కారకుడో కూడా కనిపిస్తుంది. చూసేవాడు ఎవరి పక్షాన నిలబడాలో తేల్చుకోలేడు. కథలో రచయిత నాలుగు వాక్యాల్లో నోటితో చెప్పినదాన్ని సినిమా ఒక ఆడమనిషి బతుకుతో చెప్పించింది. విమర్శించినవారి బాధ దీనితో తీరిపోయిందని కాదు. ఆ బాధ అలాగే వుంది. కథను పెంచడంలో ఇంత బాధ్యత కూడా దాగి వుంటుంది.

వ్యవసాయ కూలీలున్న ఏ పల్లెలోనైనా ఈ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. ‘వాళ్ళకు ఒళ్ళు వంగదండీ’ అనే మాట అరుగుల మీద వినపడుతూనే వుంటుంది. అనేవారు ఎవరో, పడేవారు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

అడుగుల లెక్క

ఇటువంటి చిత్రాలు చిన్న పెట్టుబడితో తయారవుతాయి. ఆనాటి పద్ధతి తెలిస్తే ఆ పొదుపు ఎంత కష్టమో అర్థమవుతుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమేరాలో నిమిషానికి 90 అడుగులు పరుగెత్తుతుంది. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాలకే అయిపోతుంది. రెండు గంటల సినిమా తెరమీదికి రావాలంటే 10,800 అడుగులు. ఒక్కొక్క సన్నివేశం మూడుసార్లు తీస్తే ముప్పైరెండు వేల అడుగులు దాటుతుంది. రంగుల నెగెటివు విదేశాల నుంచి రావాలి. నటుడు మాట తడబడితే నిర్మాత గుండె తడబడేది. అందుకే ఒక్క టేకులో చేయగల నాటకరంగపు నటులకు ఇలాంటి చిత్రాల్లో గిరాకీ. సెట్టింగులు వేయరు. ఊరే సెట్టింగు. ఎండే లైటు.

ఇప్పుడు ఆ అడుగుల బెడద లేదు. జేబులోని ఫోనుతోనే బొమ్మ తీయవచ్చు, బాగా రాకపోతే చెరిపి మళ్ళీ తీయవచ్చు. మన జిల్లా పల్లెల్లో కూడా కుర్రవాళ్ళు చేల గట్ల మీద, బస్టాండ్ల దగ్గర చిన్న చిత్రాలు తీస్తూ కనిపిస్తున్నారు. ఖర్చు తగ్గింది గాని కథను పట్టుకునే పని మాత్రం 1977లో ఎంత కష్టమో ఇప్పుడూ అంతే కష్టం.

‘ఒక ఊరి కథ’కు ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు లభించింది. ఆనాటి చెకోస్లొవేకియాలోని కార్లోవివారీ చలనచిత్రోత్సవంలోనూ గుర్తింపు పొందింది. అయితే ఇటువంటి చిత్రాలు మన టూరింగు టాకీసులకు వచ్చేవి కావు. వచ్చినా రెండు ఆటలు ఆడేవి కావు. వెంకయ్యలు, నీలమ్మలు ఎక్కడున్నారో ఆ ఊళ్ళవారు తప్ప మిగతా లోకం చూసిన సినిమా అనుకోవచ్చు. పగలంతా నాట్లు వేసి వచ్చిన మనిషి రాత్రి టిక్కెట్టు కొని మళ్ళీ తన ఆకలినే చూడాలా అని అడిగేవారికి కూడా సమాధానం చెప్పడం అంత సులువు కాదు.

మన కథ మలయాళంలో

హిందీ కథ తెలుగు సినిమా అయితే, మన తెలుగు కథ ముందుగా మలయాళ సినిమా అయింది. అదీ ఒక చిత్రమే. శ్రీరమణ రాసిన ‘మిథునం’ కథ అప్పదాసు, బుచ్చిలక్ష్మి అనే వృద్ధ దంపతుల ముచ్చట. పిల్లలందరూ రెక్కలొచ్చి ఎగిరిపోయాక పెరడు, పాడి, వంట, అలకలు, తగవులు, సర్దుబాట్లు. ఇంతకు మించి కథలో ఏమీ జరగదు. ఈ కథ ఎంతగా నచ్చిందో గాని చిత్రకారుడు, దర్శకుడు బాపు దాన్ని మొదటి నుంచి చివరి దాకా తన దస్తూరీతో రాసుకున్నారు. మలయాళ రచయిత ఎం. టి. వాసుదేవన్ నాయర్ దీన్ని ‘ఒరు చెరు పుంచిరి’ పేరుతో 2000లో చిత్రంగా తీశారు. తెలుగువాళ్ళకు ఆ బుద్ధి పుట్టడానికి మరో పన్నెండేళ్ళు పట్టింది.

2012 డిసెంబరులో తనికెళ్ళ భరణి దర్శకత్వంలో, మొయిద ఆనందరావు నిర్మాతగా ‘మిథునం’ తెలుగులో విడుదలయింది. ఇక్కడ దర్శకుడు సేన్‌కు పూర్తిగా ఎదురు దారి పట్టారు. మనుషులను చేర్చడానికి బదులు తీసివేశారు. తెరమీద కనిపించేది ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే. కొడుకులు లేరు, కోడళ్ళు లేరు, పక్కింటివాళ్ళయినా కనిపించరు. రెండు గంటలసేపు ఇద్దరు మనుషులు, ఒక ఇల్లు, ఒక పెరడు. పెద్ద బ్యానరువాళ్ళు ఎవరూ ఒప్పుకోని పని ఇది. ‘కఫన్’ తిండి లేనివాళ్ళ కథ, ‘మిథునం’ తిండి చుట్టూ తిరిగే కథ. ఒకదానికి మనుషులు కావలసి వచ్చారు, మరొకదానికి పెరడే చాలింది. కథ ఏది అడుగుతుందో అది ఇవ్వడంలోనే వుంది నేర్పు.

అడిగి తీసుకోవాలి

కథ నచ్చింది కదా అని కెమేరా తీసుకుని బయలుదేరడానికి వీల్లేదు. మన దేశపు చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత బతికివున్నంతకాలం ఆయనదే. పోయిన తర్వాత అరవై సంవత్సరాలు వారసులది. 1992కు ముందు ఈ గడువు యాభై సంవత్సరాలు వుండేది. ప్రేమ్‌చంద్ 1936లో పోయారు కనుక 1977లో ఆయన రచనల మీద హక్కు ఇంకా నడుస్తూనే వుంది. 1986 ముగియడంతో ఆ గడువు తీరిపోయింది. ఇప్పుడు ‘కఫన్’ను ఎవరైనా తీసుకోవచ్చు. గురజాడవారి ‘దిద్దుబాటు’ 1910 నాటి కథ. ఆయన 1915లో పోయారు. దానికీ అడ్డు లేదు. రావిశాస్త్రి 1993లో కన్నుమూశారు కనుక ఆయన కథలకు 2053 చివరి దాకా అనుమతి కావాలి. కాళీపట్నం రామారావు మాష్టారు 2021లోనూ, ‘మిథునం’ శ్రీరమణ 2023లోనూ కాలం చేశారు. వీరి కథలు కావాలంటే వారసుల దగ్గరకు వెళ్ళవలసిందే. నోటిమాట మీద కాకుండా కాగితం మీద సంతకం పుచ్చుకోవడం ఇద్దరికీ క్షేమం. యూట్యూబులో పెట్టేదానికి అనుమతి ఎందుకనే అపోహ కుర్రవాళ్ళలో చాలా వుంది. పైసా రాకపోయినా అనుమతి అనుమతే. సినిమాహాల్లో ఆడించాలంటే దానికి తోడు సెన్సారు సర్టిఫికెట్టు కూడా కావాలి.

కరువు తీయడానికి వచ్చి

మృణాల్ సేన్ మళ్ళీ తెలుగులో చిత్రం తీయలేదు. కాని ‘ఒక ఊరి కథ’ తర్వాత మూడేళ్ళకు, 1980లో, బెంగాలీలో ‘అకాలేర్ సంధానే’ అనే చిత్రం తీశారు. పల్లెటూరివారు తప్పక తెలుసుకోదగిన చిత్రమిది. అమలేందు చక్రవర్తి రాసిన కథ ఆధారం. కలకత్తా నుంచి ఒక సినిమా యూనిట్టు ఒక పల్లెకు వస్తుంది. 1943 నాటి బెంగాల్ కరువు మీద సినిమా తీయాలని వాళ్ళ ఉద్దేశం. స్మితా పాటిల్ అందులో సినిమా నటిగానే, స్మిత అనే పేరుతోనే నటించింది.

యూనిట్టు దిగగానే ఊళ్ళో కూరగాయల ధరలు ఎగిరిపోతాయి. పట్నంవాళ్ళు ఉన్నవన్నీ ఊడ్చి కొనుక్కుపోతుంటే ఊరివాళ్ళకు దొరకడం కష్టమవుతుంది. కరువు సినిమా తీయడానికి వచ్చినవాళ్ళు ఊళ్ళోకి కరువునే తెచ్చారని జనం గొణుక్కుంటారు. కరువు రోజుల్లో మానం అమ్ముకున్న ఆడదాని పాత్ర వేయడానికి ఊళ్ళోనే ఒక అమ్మాయిని వెతకబోతే గొడవ ముదురుతుంది. నలభై ఏళ్ళనాడు అటువంటి పని జరిగిన ఇళ్ళ గుట్టు బయటపడుతుందేమోనని పెద్దమనుషుల భయం. యూనిట్టుకు చాకిరీ చేసే దుర్గ అనే పేదరాలు తెరమీది కరువు చూస్తూ అది తన కరువేనని గుర్తుపడుతుంది. ఈ చిత్రానికి 1981లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో వెండి ఎలుగుబంటి బహుమతి ఇచ్చారు.

చివరకు ఊరి బడిపంతులు మిగతా సినిమా స్టూడియోలో తీసుకోండని సలహా చెబుతాడు. యూనిట్టువారు సామాను సర్దుకుని పట్నం వెళ్ళిపోతారు. ఊళ్ళో దుర్గ మిగులుతుంది. తర్వాత ఆమె బిడ్డ చనిపోయాడనీ, భర్త ఎటో వెళ్ళిపోయాడనీ చెప్పి సినిమా ఆపేస్తారు.